చిందీ కుప్ప మీద పెట్టిన పేరు

తన పేరు విషయంలో పెంటవ్వకు ఏనాడూ సిగ్గు లేదు. సిగ్గంతా ఆమె కొడుకు సురేశ్‌ది. చిన్నప్పుడు బడిలో తల్లి పేరు అడిగితే వాడు "పద్మ" అని చెప్పి వచ్చాడు. ఆ సంగతి తెలిసిన రోజు పెంటవ్వ కండెలు చుట్టే పని మధ్యలో వదిలేసి, తల మీద నూలు దుమ్ముతోనే బడికి పోయింది. పద్మ ఎవరో తనకు తెలియదనీ, వీణ్ణి కన్నది పెంటవ్వ అనీ పంతులమ్మకు చెప్పి, పేరు దిద్దించి గానీ ఇంటికి రాలేదు. దారి పొడవునా వాడు ఏడుస్తూనే ఉన్నాడు.

"ఏడిస్తే ఏడువు. ఆ పేరు లేకుంటే నేను లేను. నేను లేకుంటే నువ్వు యాడికెళ్ళి వస్తుంటివి?" అన్నది.

ఆ మాట ఆమె గట్టిగా నమ్మి అన్నదే. సిరిసిల్ల దగ్గరి పల్లెలో ఆమె తల్లికి వరసగా పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోయారు. అందుకని పెంటవ్వ పుట్టగానే చాటలో పడుకోబెట్టి, తీసుకుపోయి పెంటకుప్ప మీద పెట్టారు. పక్కింటి వెంకటవ్వ ఏమీ ఎరగనట్టు అటుగా వచ్చి, "ఎవలో పారేసిండ్రు, నేను కొనుక్కుంట" అని బిడ్డను ఎత్తుకుంది. పిడికెడు తవుడు తల్లి కొంగులో పోసింది. కొనుక్కున్న మనిషే పేరు పెట్టాలి గనుక "పెంటవ్వా, పెంటవ్వా, పెంటవ్వా" అని ముమ్మారు పిలిచి, సాకమని చెప్పి తల్లి చేతికే తిరిగి ఇచ్చింది. పారేసిన పిల్లను, పైగా తవుడుకు అమ్ముడుపోయిన పిల్లను మృత్యువు మాత్రం ఎందుకు పట్టించుకుంటుంది? పిల్ల బతికింది. పేరు పని చేసిందని పెంటవ్వ లెక్క.

పెళ్ళయ్యాక భర్త రాజమల్లు వెంట సూరత్ వచ్చింది. లింబాయత్‌లో ఒక గది, వెనక ఇరుకు వంటిల్లు, ఎదురుగా సాంచాల కార్ఖానా, అంటే మరమగ్గాల షెడ్డు. రాజమల్లు సాంచాలు నడిపేవాడు, ఆమె కండెలు చుట్టేది. కార్ఖానా సేఠ్ మొదలు కూరగాయల బండివాడి దాకా అందరూ ఆమెను "పెంటాబెన్" అన్నారు. ఆ పేరుకు అర్థమేమిటని ఒక్కరూ అడగలేదు. అడిగితే చెప్పడానికి మాత్రం ఆమె ఎప్పుడూ సిద్ధంగానే ఉండేది.

అలాంటి మనిషి కాబట్టి గల్లీలో ఎవరింట్లో బిడ్డకు పేరు పెట్టడానికి తొట్టెల వేసినా ఆమె మాట ఒకటి పడాల్సిందే. అడిగితే చెప్తుంది. అడగకపోతే ఇంకాస్త గట్టిగా చెప్తుంది.

కరోనా రెండో ఏడు, వానాకాలం. ఆడవాళ్ళు మెట్ల మీద కూర్చుని చీరల వెనకవైపు వేలాడే దారాలు కత్తిరిస్తున్నారు. మాస్కులు గడ్డం కిందికి జారి ఉన్నాయి. పక్కింటి లలితమ్మ తన మనవడి కోసం కేకలు పెట్టి అలిసిపోయింది.

"ఏం పేరక్కా అది! కియాన్ష్ అట. నేను నోరు తిప్పుకునేసరికి పోరడు గల్లీ దాటిపోతడు."

"మరి ఏమని పిలుస్తవ్?" అంది పెంటవ్వ.

"బబ్లూ అంట. వాని నాయినకేమో కోపం. అసలు పేరు చెడగొడుతున్ననట."

"అసలు పేరు జాగ్రత్తగ దాచుకొమ్మను. ఇత్తడి బిందె లెక్క పండుగకు తీసి తోముకుంటరు."

మెట్ల మీద నవ్వులు లేచాయి. లలితమ్మ కత్తెర పక్కన పెట్టి, "అందుకే ఇప్పుడు ముద్దుపేరునే అసలు పేరు చేస్తుండ్రు. మా చెల్లె మనవరాలికి సర్టిఫికెట్ల గూడ గుడ్డీ అనే రాయించిండ్రు. లడాయే లేదు" అంది.

"గది ఇంక అన్యాలం. ముద్దుపేరు ముద్దు తీరేదాకనే బాగుంటది. రేపు ఆ గుడ్డీకి పండ్లూడినంక గూడ గుడ్డీయేనా?"

"నీ పేరు మాత్రం ఏం బాగుందని?"

"నా పేరు ముద్దుకు పెట్టింది కాదు లలితా. పనికి పెట్టింది."

మాట అక్కడ ఆగిపోయింది. ఎందుకంటే తలుపు వెనక పెంటవ్వ కోడలు జమున పసిబిడ్డతో పడుకుని ఉంది. ఆ ఇంట్లో ఈ పేరు సంగతి నవ్వులాట కాదని గల్లీకంతా తెలుసు.

అంతకు ముందు ఏడు లాక్‌డౌన్‌లో జమునకు నెలలు నిండకుండానే మగపిల్లవాడు పుట్టాడు. సాంచాలు ఆగిపోయి, గల్లీలో సగం మంది ఊళ్ళకు పోయిన రోజులవి. పిల్లవాడు వారం తిరగకుండానే పోయాడు. తొట్టెల వేసేదాకా బిడ్డను పేరు పెట్టి పిలవకూడదన్నది పెంటవ్వ పాటించే పద్ధతి. కాబట్టి వాడికి పేరే లేదు. ఇప్పుడు ఆడపిల్ల పుట్టింది. నెలలు నిండి, గట్టి గొంతుతో పుట్టింది. అయినా పెంటవ్వ గుండె దడ ఆగలేదు. తన తల్లి తన కోసం చేసిన పనే తను మనవరాలి కోసం చేయాలని, పెంటవ్వ అనే పేరే పెట్టాలని ఆస్పత్రిలో బిడ్డను చేతిలోకి తీసుకున్నప్పుడే నిశ్చయించుకుంది.

సురేశ్ ఆలోచన వేరు. అతను చీరల మార్కెట్‌లో పార్శిళ్ళు కట్టించే పని చేస్తాడు. శుభ్రమైన చొక్కా వేసుకునే ఉద్యోగం. బార్డోలీలో ఉన్న చెల్లెలు తిరుమలతో రోజూ ఫోన్‌లో మాట్లాడి, ఇద్దరూ కలిసి ఒక పేరు ఖాయం చేశారు. ఆదివారం తిరుమల బస్సెక్కి వచ్చింది. చేతిలో మిఠాయి డబ్బా, గొంతులో గుజరాతీ యాస.

"అమ్మా, ఈడి రివాజు ప్రకారం ఫోయి పెట్టాలె పేరు. అంటే మేనత్తను, నేను. ఆధ్విక అని తీసిన."

"యాడికెళ్ళి తీసినవ్?"

"ఫోన్ల."

"ఫోన్లకు ఎవలు పెట్టిండ్రు?"

"అబ్బ, అమ్మా! ఎవల దగ్గర లేని పేరు అది."

గడప దగ్గర నిలబడ్డ లలితమ్మ ఊరుకోలేదు. "పక్క గల్లీల ముగ్గురున్నరే ఆధ్వికలు. ఒకదాన్ని అన్నానికి పిలిస్తే ముగ్గురొచ్చి కూసుంటరు."

తిరుమల మొహం ఎర్రబడింది. "మరి అమ్మ లెక్క పెంటవ్వ అని పెట్టాల్నా? బడికి పోతే పిల్లలు ముక్కు మూసుకుంటరు."

"నేను పడ్డది చాలదా అమ్మా?" అన్నాడు సురేశ్.

"మూసుకోనీరా" అంది పెంటవ్వ. "పిల్ల బడికి పోతది గద. ముక్కు ఎవడన్న మూసుకోనీ, చెవులన్న మూసుకోనీ. పిల్ల బడికి పోవాలె. నాకు గదే గావాలె."

గోడకానుకుని అన్నం తింటున్న రాజమల్లుకు ఏదో గొడవ జరుగుతోందని మాత్రం అర్థమైంది. ఏళ్ళ తరబడి సాంచాల మధ్య బతికి అతని చెవులు మందగించాయి. తిరుమల వంగి, చెవి దగ్గర అరిచింది. "బాపూ! పిల్లకు ఏం పేరు పెడదాం?"

"నాకు వినవడే పేరు పెట్టుండ్రి" అని అతను పెరుగు కలుపుకున్నాడు.

తెర వెనక జమున బిడ్డను ఒళ్ళోకి తీసుకుంది. బిడ్డకు పాలిస్తూ మెల్లగా, "చిట్టీ, కండ్లు తెరువే, తాగు" అంది. పెంటవ్వ చెవులకు ఏ మందమూ లేదు.

"తొట్టెలదాక పిలువద్దని చెప్పిన్నా లేదా?"

"అలవాటైంది అత్తమ్మా."

"మానుకో అలవాటు. ముద్దు పేరు పెడితే ముద్దు చేసేటోళ్ళ కండ్లన్నీ దాని మీదనే పడుతయి."

జమున సరే అనలేదు, కాదనలేదు. పెంటవ్వ దాన్ని సరే కిందనే జమకట్టుకుంది. కోడలు ఇక్కడే లింబాయత్‌లో పుట్టి పెరిగిన పిల్ల. మూడు భాషలు మాట్లాడుతుంది, ఫోన్‌లో చీరలు అమ్ముతుంది. అయినా అత్త మాటకు ఎప్పుడూ ఎదురు చెప్పలేదు.

తొట్టెల రోజు దగ్గరపడుతుంటే పెంటవ్వకు అనుకోని చిక్కు వచ్చింది. పెంటకుప్ప ఎక్కడ?

పొద్దున్నే చెత్త బండి పాట పెట్టుకుంటూ వస్తుంది. ఆ పాట వినబడితే చాలు, ఇంటింటి డబ్బా అందులో ఖాళీ అవుతుంది. ఆమె ఆ గల్లీ చివరిదాకా, అక్కడి నుంచి రైలు పట్టాల దాకా, ఖాడీ కాలువ గట్టు మీదుగా తిరిగి చూసింది. కుప్ప అనదగ్గది ఒకటీ లేదు. తను కొత్తగా వచ్చిన రోజుల్లో ఇదే చోట నడుము ఎత్తు కుప్పలుండేవి. సురేశ్ చంకపిల్లవాడుగా ఉన్నప్పుడు ప్లేగు వచ్చింది. వాణ్ణి ఎత్తుకుని కిక్కిరిసిన రైల్లో ఊరికి పరుగెత్తారు. తిరిగి వచ్చేసరికి కార్పొరేషన్‌వాళ్ళు ఊడ్చిపారేయడం మొదలుపెట్టారు. అప్పటి నుంచి ఊడుస్తూనే ఉన్నారు.

"గింత పెద్ద పట్నంల చాటెడు పెంట దొరకదా!" అని ఆమె లలితమ్మ ముందు తల పట్టుకుంది.

"దొరుకుతలేదని కార్పొరేషన్‌ల కంప్లైంట్ ఇయ్యి" అంది లలితమ్మ.

చివరికి దారి కార్ఖానా వెనకే కనిపించింది. అక్కడ గోడవారన చిందీ పడేస్తారు. కత్తిరించిన గుడ్డముక్కలు, చిక్కుపడ్డ దారాలు, పాడైన అంచులు. ఎరుపూ పసుపూ నీలమూ అన్నీ కలిసి మోకాలెత్తు కుప్ప. దాన్ని కొనడానికి అంబదాస్ తోపుడు బండితో వస్తాడు. అతనూ వీళ్ళలాగే పద్మశాలే, షోలాపూర్ మనిషి. అతని తెలుగులో సగం మరాఠీ ఉంటుంది. పనికిరానిది కొనేదే అతని వ్యాపారం. ఇంతకంటే సరైన మనిషి దొరకడని పెంటవ్వకు తట్టింది. అలా తట్టినందుకు తనను తనే మెచ్చుకుంది.

సంగతంతా విని అంబదాస్ తలపాగా సర్దుకున్నాడు. "పోరిని కొనాల్నా? నేను కిలో లెక్కన కొంటక్కా. తూకం రాళ్ళు తెస్త."

"పండ్లు రాలగొడుత. పిడికెడు తవుడు తేవాలె, ఎత్తుకోవాలె, పేరు పిలువాలె. పెంటవ్వ అని మూడు సార్లు."

"నీ పేరేనా?"

"నా పేరే. పరీక్ష పెట్టి చూసిన పేరు."

తొట్టెలకు ముందు రోజు మధ్యాహ్నం, బిడ్డకు స్నానం చేయించి సాంబ్రాణి పొగ వేస్తుండగా పెంటవ్వ కోడలికి చెప్పింది. రేపు పొద్దున చాటలో పడుకోబెట్టడం, చిందీ కుప్ప, అంబదాస్, తవుడు, అన్నీ వరసగా చెప్పింది. జమున అంతా విన్నది. బిడ్డ తల తుడవడం ఆపలేదు.

"చాటల పెట్టుకో అత్తమ్మా. చిందీ మీద పెట్టుకో. అంబదాస్ కాక కొనుక్కోనీ. నేను వద్దన. కాని పేరు మాత్రం మార్చనియ్య."

"మార్చుడేంది? ఇంక పెట్టనే లేదు గద."

"నేను పెట్టిన. కడుపుల ఉన్నప్పుడే పెట్టిన."

పెంటవ్వ పొగ గిన్నె కింద పెట్టింది. జమున గొంతు పెరగలేదు. చీరల లెక్క చెప్పినట్టే చెప్పింది.

"మొదటోన్ని తొట్టెలదాక పిలువద్దన్నవ్. నేను నీ మాట విన్న. దవాఖానల వాడు అద్దాల పెట్టెల ఉన్నడు. చెయ్యి పెట్టనియ్యలేదు. బయట నిలబడి ఏమన్న అని పిలుద్దామంటే నా దగ్గర పేరే లేకుండె. నర్సులు 'జమునా కా బేబీ' అన్నరు. వాడు పోయినంక చేతికిచ్చిన కాగితం మీద గూడ గదే రాసిండ్రు. వాని కోసం ఏడువాలన్నా ఏం పేరు తీసుకొని ఏడువాలె అత్తమ్మా?"

పెంటవ్వ ఏదో అనబోయింది. జమున అననివ్వలేదు.

"దీన్ని నేను పేరు లేకుంట ఉంచలె. సెకండ్ వేవ్‌ల నాకు జరం వచ్చి గదిల ఒక్కదాన్నే పండుకున్న యాదున్నదా? నువ్వు తలుపు కాడ అన్నం పెట్టి పోతుంటివి. ఒకరోజు పొద్దటి నుంచి లోపల కదులుడు లేదు. ఎవలను పిలువాలె? దీన్నే పిలిచిన. చిట్టీ, చిట్టీ అని పొద్దుగూకేదాక పిలిచిన. అప్పుడు తన్నింది. నీ పేరు నీకు పని చేసిందంటవు గద. దీని పేరు దీనికి పని చేసింది. పని చేసిన పేరును తీసి ఎట్ల పారేస్తం?"

బిడ్డ చిన్నగా తుమ్మింది. జమున దాన్ని గుడ్డలో చుట్టి ఒళ్ళోకి తీసుకుంది. ఇక చెప్పేదేమీ లేనట్టు పాలివ్వడం మొదలుపెట్టింది.

పెంటవ్వ కార్ఖానాకు పోయి కండెల యంత్రం ముందు కూర్చుంది. వాదనలో ఓడిపోవడం ఆమెకు అలవాటు లేదు. అందుకని ఇది ఓటమేనా అని కూడా ఆమెకు వెంటనే తెలియలేదు. కండె తిరుగుతూ ఉంది, దారం చుట్టుకుంటూ ఉంది. జ్వరం రోజుల్లో తను తలుపు దగ్గర పళ్ళెం పెట్టినప్పుడల్లా లోపలి నుంచి సన్నగా ఏదో గొణుగుడు వినిపించేది. జ్వరంలో కలవరిస్తోంది అనుకుంది. దేవుళ్ళకు మొక్కింది, మిరియాల కషాయం పెట్టింది. బిడ్డను పిలవాలని తనకు తోచలేదు. తోచినా పిలిచేది కాదు. పద్ధతి అలాంటిది.

తన తల్లి చేసింది కూడా పద్ధతే. కానీ తల్లి ఆ పద్ధతి పట్టింది ఎందుకు? బిడ్డ దక్కాలని. పెంటవ్వ అనే మాటలో మంత్రమేమీ లేదు. ఏది పట్టుకుంటే బిడ్డ నిలుస్తుందో అది పట్టుకుంది, అంతే. ఇప్పుడు తన కోడలు మరోటి పట్టుకుంది. ఇంత తెలిసినా, ముద్దు పేరంటే మాత్రం పెంటవ్వకు ఒళ్ళు ఝల్లుమంటూనే ఉంది. అంత అందంగా పిలిస్తే ఎవరైనా తల తిప్పి చూస్తారు. చూడకూడని వాళ్ళు కూడా చూస్తారు.

దారం తెగింది. ముడివేసి మళ్ళీ తిప్పింది. మళ్ళీ తెగింది.

మర్నాడు పొద్దున సన్నగా జల్లు పడి ఆగింది. కార్ఖానా వెనక చిందీ కుప్ప మీద పాత దుప్పటి పరిచి, దాని మీద చాట పెట్టి, చాటలో బిడ్డను పడుకోబెట్టారు. జమున రెండడుగుల దూరంలో కొంగు పట్టుకుని నిలబడింది. లలితమ్మ గొడుగు పట్టింది. గోడ అవతల సాంచాలు ధడధడలాడుతున్నాయి. బిడ్డకు ఆ చప్పుడు కడుపులో ఉన్నప్పటి నుంచే తెలుసేమో, కదలకుండా నిద్రపోతోంది.

అంబదాస్ ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. మాస్కు సరిగ్గా ముక్కు మీదికి లాక్కున్నాడు. ఎప్పుడూ నాటకాలు ఆడని మనిషి ఆ రోజు బాగా ఆడాడు. బండి ఆపి, నుదుటి మీద చెయ్యి పెట్టి అటూ ఇటూ చూసి, "అరెరే, ఎవలదో పోరి! ఇంత మంచి మాల్ ఎవలు పారేసిండ్రు?" అన్నాడు.

"మంచి మాల్ అనకు!" అని పెంటవ్వ గదిమింది.

"సరే, సరే. ఖరాబ్ మాల్. అయినా నేను కొంట." ప్లాస్టిక్ సంచిలోంచి తవుడు తీసి జమున కొంగులో పోశాడు. వంగి, రెండు చేతులతో బిడ్డను ఎత్తుకున్నాడు. పిలవడానికి గొంతు సవరించుకున్నాడు.

"ఆగు" అంది పెంటవ్వ.

అందరూ ఆమె వైపు చూశారు. జమున చూడలేదు. తవుడు పడిపోకుండా కొంగును రెండు చేతులతో బిగించి పట్టుకుని ఉంది. ఆ పిడికిళ్ళను పెంటవ్వ చూసింది.

"చిట్టి అని పిలువు."

అంబదాస్ తికమకపడ్డాడు. "మొన్న వేరే చెప్పినవ్ గదక్కా. నేను తోవ పొడుగూత గదే అనుకుంట వచ్చిన."

"మొన్న గది చెప్పిన. ఇయ్యాల గిది చెప్తున్న. పిలువు."

"చిట్టీ" అన్నాడు అంబదాస్, అనుమానంగా.

"ఏందా గొంతు? సాంచాలు నడుస్తున్నయ్ వినవడుతలేదా? గట్టిగ పిలువు. అందరికి తెల్వాలె."

"చిట్టీ! ఓ చిట్టీ! చిట్టీ!" అని అతను గోడ అవతలికి వినబడేలా అరిచాడు. కార్ఖానా కిటికీలోంచి ఎవరో తొంగి చూశారు. బిడ్డ లేచి కెవ్వుమంది. అంబదాస్ కంగారుగా దాన్ని జమున చేతుల్లో పెట్టేశాడు. కొంగులోని తవుడు సగం నేల మీద ఒలికింది. జమున బిడ్డను గుండెకు అదుముకుని ఇంటి వైపు నడిచింది. అత్త పక్క నుంచి దాటేటప్పుడు ఒక్క క్షణం ఆగి, భుజంతో భుజాన్ని మెల్లగా తాకించి పోయింది.

సాయంత్రం తొట్టెల దగ్గర గొడవ జరగనే జరిగింది. తన హక్కు పోయిందని తిరుమల కండ్ల నీళ్ళు పెట్టుకుంది. "ఫోయిని నేనుంటే, చిందీవాడు పేరు పెట్టుడేంది?"

"కొనుక్కున్నది వాడు. పేరు మార్చాల్నంటే పిల్ల మనది గావాలె గద. మనది కాదు, అంబదాస్‌ది. పోయి వాన్నే అడుగు" అంది పెంటవ్వ.

తొట్టెల ఊపుతున్న రాజమల్లు, "ఏం పేరు?" అని అడిగాడు. చెప్పారు. మొదటిసారికే వినబడింది. "బాగున్నది" అన్నాడు. తిరుమల ఆధ్విక పేరు తన కడుపున పుట్టబోయే బిడ్డకు దాచుకుంటానని ప్రకటించి, మిఠాయి మాత్రం అందరికంటే ఎక్కువ తిని, మర్నాడు బార్డోలీ బస్సెక్కింది.

సురేశ్ అంత తేలిగ్గా వదల్లేదు. ఇంట్లో ఏమైనా పిలుచుకోండి, సర్టిఫికెట్‌లో మాత్రం ఆధ్విక అనే రాయిస్తానన్నాడు.

"సగం పిల్ల ఇంట్ల, సగం పిల్ల కాగితం మీదనా?"

"అమ్మా, రేపు పెద్దదై ఆఫీసుల పని చేస్తే చిట్టి మేడమ్ అంటరా?"

"ఎందుకనరు? జీతం ఇచ్చేటోడు ఏమన్న అంటడు."

అతను నవ్వలేదు. అందుకే అతను వార్డు ఆఫీసుకు బయలుదేరిన రోజున పెంటవ్వ కూడా చెప్పులేసుకుంది. ఏం మాట్లాడాలో దారంతా సిద్ధం చేసుకుంది. తన ఆధార్ కార్డు చూపాలి. పెంటవ్వ అనే పేరుతో పెళ్ళయింది, ఓటు పడింది, రేషన్ వచ్చింది అని చెప్పాలి. పద్మ కథ కూడా అవసరమైతే తియ్యాలి. జమున బిడ్డనెత్తుకుని వెనక నడిచింది.

ప్లాస్టిక్ తెర వెనక కూర్చున్న గుమస్తా మర్యాదగానే మాట్లాడాడు. ఆస్పత్రి కాగితాలు చూశాడు. బిడ్డ పేరేమిటన్నాడు. సురేశ్ నోరు తెరిచేలోగా జమున "చిట్టి" అంది. గుమస్తా కండ్లు నవ్వాయి. ఇది ముద్దుపేరు కదా బెన్, అసలు పేరు చెప్పండని గుజరాతీలో అడిగాడు. సురేశ్ తల్లి వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. మొగుడూ పెళ్ళాల మధ్య ఏదో తేలలేదని గుమస్తాకు అర్థమైంది. అలాంటివి అతను రోజూ చూస్తూనే ఉంటాడు.

"కంగారేమీ లేదు. ఇప్పటికి పేరు ఖాళీగా వదిలేస్తాను. తల్లి పేరుతో బేబీ అని ఉంటుంది. తర్వాత వచ్చి రాయించుకోండి" అన్నాడు.

ఆ మాట వినగానే సురేశ్ చెయ్యి బల్ల మీద పడింది. పోయిన ఏడు ఆస్పత్రి కిటికీ దగ్గర ఒంటరిగా నిలబడి అలాంటి కాగితం తీసుకున్నది అతనే. అప్పుడు లోపలికి ఇంకెవ్వరినీ రానివ్వలేదు.

"వద్దు సార్. ఖాళీ పెట్టొద్దు. చిట్టి. అసలు పేరే అది. చిట్టి అని రాయండి."

పెంటవ్వ సిద్ధం చేసుకున్న మాటలన్నీ నోట్లోనే ఉండిపోయాయి. అంత మంచి మాటలు వృథా అయినందుకు ఒకింత చింత కూడా కలిగింది. కొడుకు మొహం చూసి, ఆధార్ కార్డును మళ్ళీ రవికెలో దోపుకుంది.

తిరుగు దారిలో షేర్ ఆటో ఎక్కారు. సురేశ్ డ్రైవర్ పక్కన కూర్చున్నాడు. వెనక సీటులో బిడ్డను పెంటవ్వ తీసుకుంది. మధ్యలో ఎక్కిన ఒకామె వంగి, గుడ్డ అంచు కొద్దిగా తొలగించి చూసి, పేరేమిటని హిందీలో అడిగింది. దారిన పోయే వాళ్ళకు పసిబిడ్డ పేరు చెప్పడం పెంటవ్వ జన్మలో లేదు. సురేశ్‌కు మూడేళ్ళు వచ్చేదాకా ఎవరడిగినా "ఏం పేరు లేదు" అనే చెప్పింది.

"చిట్టి" అంది.

ఆటో చప్పుడులో ఆమెకు వినబడలేదు. చెవి దగ్గరికి తెచ్చింది.

"చిట్టి! చిట్టి నామ్ హై ఇస్కా!" అని పెంటవ్వ గొంతెత్తి చెప్పింది. డ్రైవర్ కూడా అద్దంలో చూశాడు.

"బహుత్ ప్యారా నామ్ హై" అంది ఆమె, ఎంత ముద్దొచ్చే పేరో అన్నట్టు బిడ్డ మొహంలోకి తేరి చూస్తూ.

పెంటవ్వ చెయ్యి అలవాటు కొద్దీ పైకి లేచింది, బిడ్డ మొహం కప్పేయడానికి. కప్పలేదు. గాలి తగలకుండా తలగుడ్డ కొంచెం కిందికి లాగి, ఆమె సరిగ్గా చూడడానికి వీలుగా బిడ్డను అటు తిప్పి పట్టుకుంది.